బిట్టుకు పసుపు కుంకుమ

మా అత్తమ్మ జంగమ్మ చేతికి చింతపండు చిక్కిందంటే ఇంట్లో రాగి, ఇత్తడి గడగడలాడాల్సిందే. ఆరేళ్ళుగా ప్రతి దసరాకూ చూస్తున్నాను. ఆయుధ పూజకు మామయ్య పార, కొడవలి, మా ఆయన రాకేష్ ఆటో, చివరికి మూలనున్న రోకలి కూడా మెరిసిపోయేవి. సూర్యాపేట బస్టాండు వెనక మిక్సీలు, మైకులు బాగుచేసే నా షాపు నుంచి మాత్రం ఒక్క స్క్రూడ్రైవర్ కూడా ఆ వరసలోకి రాలేదు. డిప్లొమా చదివి, చేతులు కాల్చుకుని నేర్చుకున్న పని నాది. చుట్టాలు అడిగితే మాత్రం, మా కోడలు రజిత షాపులో కూర్చుంటుందని అత్తమ్మ చెప్పేది. కూర్చోవడానికి షాపెందుకు, ఇంట్లో అరుగు లేదా? లోపల కుతకుతలాడేదాన్ని, పైకి కిక్కురుమనేదాన్ని కాదు.

ఈసారి పండగ ముందురోజు పని సంచి ఇంటికి తెచ్చుకున్నాను. కోదాడ సాంసన్ గారి చర్చి కీబోర్డు మూగబోయింది. ఆదివారం ప్రార్థనకు కావాలి, శుక్రవారం సాయంత్రం వచ్చి తీసుకుపోతానన్నారు. తప్పకుండా ఇస్తానని మాటిచ్చాను.

గురువారం దసరా. స్నానం చేసి వచ్చేసరికి పార పక్కన, తీగలు అతికే నా సోల్డరింగ్ ఐరన్ కనిపించింది. దాని కొసన ఉండే బిట్టు పూజ చెంబులా తళతళలాడుతోంది. పసుపు, కుంకుమ, పైన బంతిపువ్వు. ఆరేళ్ళకు నా పనిముట్టు పూజకెక్కినందుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాని ప్రాణం తీసి మరీ ఎక్కించినందుకూ తిరిగాయి. ఏ కన్నీళ్ళు ఎందుకో నాకే తెలియలేదు.

"మస్తు మసి పట్టి ఉండె. బూడిద, చింతపండు, ఆఖరికి గరుకు కాయితం పెట్టి గంటసేపు రుద్దిన," అంది అత్తమ్మ, మెప్పు కోసం నా ముఖంలోకి చూస్తూ.

మంచిగుందన్నాను. పండగ పూట ఇంకేమనగలను?

నిజానికి బిట్టును రుద్దకూడదు. దాని మీద సన్నని పూత ఉంటుంది, అది గీరుకుపోతే బిట్టు పోయినట్టే. వేడి మీద తడి స్పాంజికి తుడిచి, అతుకులు వేసే లెడ్ కాస్త కరిగించి పూసి, తుడవకుండా అలాగే పక్కన పెట్టాలి. ఆ లెడ్డే అత్తమ్మ కంటికి మురికిగా కనబడింది.

శుక్రవారం పొద్దున ప్లగ్గు పెట్టాను. ముందు బిట్టుకు అంటిన పసుపు మాడింది. ఇల్లంతా పోపు వాసన కమ్మి, మామయ్య ఆశగా వంటింట్లోకి తొంగి చూశాడు. లెడ్ తీగ ఆనిస్తే చేమాకు మీద నీళ్ళలా గుండ్లుగుండ్లుగా జారిపోయింది. లెడ్ పట్టుకునేలా చేసే ఫ్లక్స్ పూసి మళ్ళీ పెట్టాను, మళ్ళీ అదే వరస. పక్కనే నిలబడ్డ అత్తమ్మ, కరెంటు తక్కువొస్తుందేమో అని సలహా ఇచ్చింది. ఇక నా వల్ల కాలేదు.

"కరెంటు కాదత్తమ్మా. మీరు రుద్దుడుకు పూత పోయింది. పొద్దుగూకేలోపు ఈ పని కాకపోతే నా మాట పోతది."

అత్తమ్మ బిట్టు చల్లారాక ఊడదీయించుకుని నమూనాకని కొంగున ముడేసుకుంది. పడుకున్న కొడుకును లేపి ఆటో తీయించింది. పండగ మర్నాడు కావడంతో దుకాణాలన్నీ మూసే ఉన్నాయట. ఈమె ఎలక్ట్రానిక్స్ కొట్టు శ్రీనివాస్ ఇల్లు కనుక్కుని, ఆయన కొట్టు తెరవడానికి బయల్దేరేదాకా గడప మీద నుంచి లేవలేదట. కోడలి పని ఆగిందని వాడకట్టంతా వినేలా చెప్పిందట. తిరిగొచ్చాక రాకేష్ తల పట్టుకుని చెప్పిన సంగతులివి.

కొత్త బిట్టు వేడెక్కగానే ముందు లెడ్ పూశాను. చక్కగా పట్టుకుంది. సాంసన్ గారు వచ్చేలోపే కీబోర్డు పలికింది. ఆయన మా గదిలోనే ఒక కీర్తన వాయించి చూసుకుని, వందనాలు చెప్పి వెళ్ళిపోయారు.

ప్లగ్గు తీసేముందు నేను బిట్టు తుడిచి లెడ్ పూస్తుంటే అత్తమ్మ వచ్చి పక్కన కూలబడింది.

"గిది గింత నాజూకు సామానని ముందుగాల నాకెందుకు చెప్పలే?"

"మీరెన్నడు అడగలే, అత్తమ్మా."

అనేసి నాలుక కరుచుకున్నాను. ఆరేళ్ళ కోపం ఆ ఒక్క మాటలో బయటపడిపోయింది. ఆమె నా చేతుల వంక, వేళ్ళ మీది పాత కాలిన మచ్చల వంక చాలాసేపు చూసింది. తరువాత నా దగ్గరికి జరిగి కూర్చుంది.

"ఇప్పుడు అడుగుతున్న. మొదటి నుంచి చెప్పు."