సగం నదిలో లేచి వెళ్లినావిడ

పొద్దున్న కళ్లు తెరవగానే చేయాల్సిన పనులన్నీ ఆమె తలలో వాటంతటవే వరసకట్టి నిలబడతాయి. నీళ్లు పట్టాలి. రాత్రి గిన్నెలు తోమాలి. ఆయన చొక్కా ఇస్త్రీ చేయాలి. రెండు డబ్బాలు సర్దాలి, మూతలు తారుమారు కాకుండా. అత్తగారికి మాత్రలివ్వాలి. కాదు, ఆ పని ఇక లేదు. ఆవిడ పోయి నెల దాటినా ఆ పని మాత్రం రోజూ వచ్చి తన చోట తను నిలబడుతూనే ఉంది. చివరగా, టీవీ కిందున్న పెట్టెను తీగలతో సహా చుట్టి ఆఫీసులో అప్పజెప్పాలి. అలాంటి పెట్టెలు కంపెనీ తయారు చేయాలా వద్దా, మధ్యాహ్నం మీటింగులో చెప్పాలి.

"ఇంకో వారం ఉంచుకుంటే ఏం పోయింది? శనివారం మావాళ్లు ఆడదామని వస్తామన్నారు" అన్నాడు భర్త, పళ్లు తోముకుంటూనే.

"ఇవాళే ఆఖరు."

"నీకు నా సరదా అంటే ఎప్పుడూ అంతేలే."

కంపెనీ ఇన్నాళ్లూ కంప్యూటర్ ఆటలే చేసింది. ఆమె అక్కడ టెస్టరు. ఆట జనంలోకి వెళ్లకముందే పదేపదే ఆడి, తప్పులు పట్టే ఉద్యోగం. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. "ఆడుకుంటే జీతమిస్తారటే!" అని నాన్న ఇప్పటికీ నమ్మడు. ఆఫీసులో మిగతావాళ్లంతా తలుపు వేసుకున్న గదుల్లో పెరిగినవాళ్లు. అమ్మ పళ్లెం తెచ్చి పక్కన పెడితే తెరమీంచి చూపు తిప్పకుండా తిని, ఆ పళ్లెం ఎటు పోయిందో ఎరగనివాళ్లు. ఇప్పుడు వాళ్లకి గది దాటి హాల్లోకి రావాలని బుద్ధి పుట్టింది. టీవీకి తగిలించుకుని ఇంటిల్లిపాదీ ఆడుకునే కన్సోల్. నమూనా పెట్టెలు నాలుగు చేసి, కొందరిని ఇంటికి తీసుకెళ్లి వాడి చూడమన్నారు. "నువ్వు సంసారివి కదమ్మా, ఇల్లంటే ఏంటో నీకు తెలిసినట్టు మాకేం తెలుస్తుంది" అన్నారు పెద్దసారు. ఆ రోజునుంచి ఆమె పేరు ఇంటి మేడమ్. ఇన్నేళ్లుగా పట్టిన తప్పులకు దక్కని పిలుపు, ఇల్లు ఊడ్చుకుంటున్నందుకు దక్కింది. పెట్టె ఖాయమైతే టెస్టింగు జట్టుకు పెద్దగా చేస్తామని కూడా అన్నారు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పకుండా లోపలే దాచుకుంది.

పెట్టె ఇంటికొచ్చిన కొత్తలో భర్తా, మరిదీ దాన్ని వదల్లేదు. అత్తగారు గ్లాసులు అందిస్తూ, ఖాళీవి తీస్తూ, టీవీకి అడ్డం రాకుండా వంగి నడిచేది. సొంత హాల్లో ఆవిడ నడక అదే.

ఒకనాడు జ్వరం తగిలి ఆమె మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. తలుపు తీసేసరికి అత్తగారు గోడ దగ్గర నిలబడి, చేతిలో ప్లగ్గుతో, దొంగలా చూసింది.

"మిషను వేడెక్కుతుందేమోనని తీశానే."

టీవీ పక్కన, ఆ పూట ఎవరూ తాకలేదనుకున్న ఆట కంట్రోలరు వెచ్చగా ఉంది.

"ఆడుతున్నారా అత్తయ్యా?"

"ఛీ ఛీ, నాకెందుకే అవన్నీ" అని వంటింట్లోకి వెళ్లి, గుమ్మం దగ్గరే ఆగింది. "ఆ పడవ ఆట చాలా బాగుంది."

అది కంపెనీకి పేరు తెచ్చిన ఆట. ఒంటరిగా పడవలో నది దాటాలి. అవతలి ఒడ్డు చేరేదాకా ఆపడం కుదరదు, మధ్యలో వదిలేస్తే మళ్లీ ఇవతలి ఒడ్డునుంచే. దాటడానికి అరగంట పడుతుంది. అత్తగారు నిలబడే ఆడేదట. కూర్చుంటే బద్ధకం వస్తుందని. ఎవరు పిలిచినా, తలుపు చప్పుడైనా ప్లగ్గు పీకేసేది. రోజుకు రెండు మూడుసార్లు, వారాల తరబడి, ఆవిడ ఆ నదిలోకి దిగుతూనే ఉంది. ఒక్కసారీ దాటలేదు.

"అవతల ఏముందో చెప్పనా?" అంది కోడలు. ఆమె ఆ ఒడ్డు వందలసార్లు చూసింది.

"వద్దే తల్లీ! చెప్పావంటే ఊరుకోను. నేనే చూస్తా."

ఆ గొంతులో అంత గారం ఆమె ఎప్పుడూ వినలేదు.

మర్నాడు ఆఫీసులో అడిగింది, మధ్యలో ఆపుకునే బటను ఒకటి పెట్టకూడదా అని. పెద్దసారు నవ్వారు. "ఆపితే ఆగేది నదెలా అవుతుందమ్మా? అదే కదా మన గొప్ప." పక్కనున్న కుర్రాళ్లు తలలూపారు. ఆట మధ్యలో వాళ్లనెవరు పిలిచారు గనక!

ఒక సెలవురోజు ఆమె గట్టి ఏర్పాటే చేసింది. వంట తనే ముగించి, అత్తగారిని పట్టుబట్టి సోఫాలో కూర్చోబెట్టింది. భర్త లోపల నిద్ర. పడవ సగం నది దాటింది. పొగమంచు విడిపోయి దూరంగా చెట్లు కనబడ్డాయి. అక్కడిదాకా రావడం ఆవిడకు అదే మొదలు. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా ముందుకు వంగింది.

"అమ్మా! నా తెల్ల చొక్కా ఎక్కడ?"

"మీరు లేవకండి, నేను చూస్తా" అని కోడలు పరుగెత్తింది. చొక్కా పట్టుకుని వెనక్కి తిరిగేసరికి అత్తగారు తన వెనకే నిలబడి ఉంది. హాల్లో టీవీ నల్లగా ఉంది.

"ఎందుకు లేచారత్తయ్యా?"

"పిలిస్తే కాళ్లు వాటంతటవే లేస్తాయే. నేనేం చేయను?"

తర్వాతి వారం, బట్టలు మడతపెడుతూ పెడుతూ ఆవిడ పక్కకి ఒరిగిపోయింది. డాక్టరు గుండె అన్నాడు. చుట్టాలు అదృష్టవంతురాలన్నారు, ఎవరిచేతా చేయించుకోకుండా పోయిందని. మీ అమ్మ పడవ ఆట ఆడేదని చెబితే, భర్త ఏడుపులోనే నవ్వాడు. "మా అమ్మా? రిమోటే సరిగ్గా పట్టుకోవడం రాదు ఆవిడకి."

మీటింగులో లెక్కలన్నీ అయ్యాక పెద్దసారు ఆమె వైపు తిరిగారు. "మన ఇంటి మేడమ్ ఏమంటారు? చేద్దామా?"

"వద్దు సార్. ఇలాగైతే వద్దు."

ఆమె చెప్పింది. ఇల్లు కూర్చున్నవాళ్లది మాత్రమే కాదని. ప్రతి హాల్లోనూ పిలిస్తే లేచే మనిషి ఒకరుంటారని, వాళ్లు లేచి వెళ్లొచ్చేదాకా ఆగని ఆట ఇంటి ఆట కాదని. తలుపున్న గదిలో చేసిన ఆటను తీసుకెళ్లి టీవీ కింద పెట్టినంత మాత్రాన అది ఇంటిదైపోదని. అత్తగారి గురించి కూడా చెప్పింది.

"ఇప్పుడు అత్తగార్ల కోసం కన్సోల్ చేయమంటారా?" అన్నాడు ఒక కుర్రాడు. అందరూ నవ్వారు. వాడు చెడ్డవాడు కాదు, రోజూ ఆమె డబ్బాలోంచి అడిగి మరీ తింటాడు.

పెద్దసారు మాత్రం నవ్వలేదు. "నువ్వు జట్టుకు పెద్దవయ్యేది ఈ పెట్టె వస్తేనే. కూర్చున్న కొమ్మను నరుక్కుంటున్నావమ్మా."

"నేనెప్పుడు కూర్చున్నాను సార్?" అంది ఆమె.

పెట్టె వస్తుందట. ఆపే బటను లేకుండానే. జట్టుకు పెద్దగా ఆ కుర్రాణ్ణి వేశారు. ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, పెట్టె లేక ఖాళీ అయిన టీవీ బల్ల ఎదురుగా సోఫాలో అత్తగారు కూర్చున్న చోటే కూర్చుంది. లోపల్నుంచి పిలుపొచ్చింది, తువ్వాలు ఎక్కడుందని. కాళ్లు కదిలాయి. రెండు చేతులతో మోకాళ్లను గట్టిగా అదిమి పట్టుకుంది. ఇంకోసారి పిలుపొచ్చింది. ఇంకోసారి. ఆమె లేవలేదు.

అవతలి ఒడ్డున ఏముందో ఇక్కడ చెప్పడం లేదు. ఆవిడ వద్దంది. రేపెప్పుడో ఆ పెట్టె మీ హాల్లోకి వచ్చి, మీ పడవ ఎవరూ పిలవకుండా దరిచేరితే, దిగేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. సగం నదిలో లేచి వెళ్లినావిడను తలచుకోండి.