దస్తూరి లేని అర్జీ

నా టైపు మిషన్‌తోనే నా కొడుకు కుడిచెయ్యి విరగ్గొట్టారు. పట్టపగలు పదకొండు గంటలకు, జమ్మలమడుగు తహసీల్దారు ఆఫీసు ఎదురుగా ఉన్న నా అర్జీల కొట్టులో, నా కళ్లముందే.

ముగ్గురొచ్చారు. మొదటివాడు వస్తూనే కంప్యూటర్ తెర మీద కర్రతో ఒక్కటేశాడు. నా దగ్గర టైపు పని చేసే షహనాజ్ గోడకు అతుక్కుపోయింది. రెండోవాడు షట్టర్ సగానికి దించాడు. మూడోవాడు ఫోను నా ముఖం దగ్గర పెట్టాడు.

"ఈ మెయిలు ఎవురు రాసింది?"

రాసింది నేనే. ముప్పై నాలుగేళ్లుగా ఈ బల్ల దగ్గర ఎవరి ఏడుపునైనా కాగితం మీద పెట్టేది ఈ దాసయ్యే. చెబుదామని నోరు తెరిచాను. అంతలో వెనక నుంచి మావాడు ప్రేమ్ సాగర్, "నేనే రాసినాప్పా. మా నాయనకు మెయిళ్లు తెలీవు" అన్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాను.

వాడి జుట్టు పట్టి తలను బల్లకేసి కొట్టారు. ముక్కు పగిలి, నెత్తురు తెల్లకాగితాల కట్ట మీద పడింది. ఇద్దరు వాడి కుడిచేతిని బల్ల మీద చాపి అదిమి పట్టారు. కర్రవాడు కర్ర పక్కన పడేసి, మూలనున్న నా పాత మిషన్‌ను రెండు చేతులా ఎత్తాడు. పన్నెండు కేజీల ఇనుము అది. మూడుసార్లు వేశాడు. మొదటిసారి మావాడు అరిచాడు. రెండోసారి ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. మూడోసారి వాడికి అరిచే ఓపిక లేదు.

దెబ్బకూ దెబ్బకూ మధ్య 'రాసింది నేను' అనేంత వ్యవధి నాకుంది. రెండే రెండు మాటలు. ఊళ్లోవాళ్లందరికీ మాటలిచ్చినవాడిని, నా కొడుక్కి ఆ రెండూ ఇవ్వలేకపోయాను.

"ఓబులేసన్నకే నకలు పంపిస్తావారా? ఇదో, ముట్టినట్టు రసీదు" అని మిషన్‌ను నేలకేసి కొట్టి వెళ్లిపోయారు.

ఓబులేసంటే పులివెందుల దారిలో కొత్తగా పెట్టిన టైల్స్ ఫ్యాక్టరీకి కూలీలను పంపే కాంట్రాక్టరు. ఆ ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఉద్యోగానికి మావాడు ఇంటర్వ్యూకి వెళ్లాడు. సింధూ అనే ఆఫీసరమ్మ వాడి చేత బండి నడిపించి చూసి, బాగుంది, వారంలో చెబుతామంది. నాలుగేళ్లు ఖాళీగా తిరిగిన పిల్లవాడు. సంతోషంగా గేటు దాటాడో లేదో, ఓబులేసు భుజం మీద చెయ్యేశాడు.

"ఆ పని మా అక్క కొడుక్కి. ఇంగ నువ్వు ఈ పక్కకు రావాకు."

రెండు వారాలైనా కబురు లేదు. అప్పుడు షహనాజ్ చెప్పింది. "ఇంటర్వ్యూ అయినాక చిన్న మెయిలు పెట్టాల తాతా. థాంక్స్ చెప్పి, ఈ పని నాకు శానా ఇష్టం, మీ జవాబు కోసరం చూస్తాండా అని నాలుగు మాటలు. అందరూ అట్లే చేస్తాండారు." ఆ నాలుగు మాటలూ టైపు చేసి చూపించింది కూడా.

చదివితే నాకు ఒళ్లు మండింది. "ఇది అర్జీనా, శుభలేఖనా?" అన్నాను. నా బుద్ధికి చెప్పు దెబ్బ పడాల్సింది అప్పుడే. సింధూ మేడమ్‌కు రెండు పేజీలు చెప్పి రాయించాను. గేటు దగ్గర ఓబులేసు అన్న మాట, తారీఖు, టైము, అన్నీ పెట్టాను. కింద నకళ్లు: బెంగళూరు హెడ్డాఫీసుకు, కలెక్టరుకు, ఎస్పీకి. చివరగా ఓబులేసుకు. వాడి మెయిలు వాడి విజిటింగ్ కార్డు మీదే ఉంది.

"ఆయప్పకు యాల తాతా?" అంది షహనాజ్ భయంగా.

"ఎదుటి పక్షానికి నకలు ఇయ్యకుంటే అది ఆకాశరామన్న ఉత్తరమైతాది పాపా. మనం దొంగలమా?"

నాకింకో పద్ధతి ఉంది. ప్రతి అర్జీ అడుగునా రాసినవాడిగా 'దస్తూరి: దాసయ్య' అని నా పేరు పెడతాను. మెయిలుకు అది ఉండదు తాతా, ఉద్యోగం అడిగేవాళ్ల పేరొకటే ఉండాల అంది షహనాజ్. సరేలే అన్నాను. మూడు రోజులు మీసం దువ్వుకుంటూ తిరిగాను. నాలుగో రోజు ఆ ముగ్గురూ వచ్చారు.

ప్రొద్దుటూరులో ఎముకల డాక్టరు మావాడి చేతిలో ప్లేట్లు వేశాడు. రెండు వేళ్లు వంగుతాయో లేదో ఆరు నెలలు పోతే గానీ చెప్పలేనన్నాడు. పోలీసాయన వచ్చి అడిగితే మావాడు, "బండి మీద నుంచి పడినా సార్" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. మళ్లీ నోరు మెదపలేదు. నా భార్య రత్నమ్మకు షహనాజ్ అంతా చెప్పేసింది. రత్నమ్మ తిన్నగా నా దగ్గరికొచ్చి, వార్డంతా చూస్తుండగా నా చెంప పగలగొట్టింది.

"రాసేది నువ్వు, చెయ్యి వానిదా?"

మర్నాడు సింధూ మేడమ్ దగ్గర నుంచి జవాబొచ్చింది. షహనాజ్ చదివి వినిపించింది. మావాడి పేరు ఇంటర్వ్యూ జరిగిన వారంలోనే ఖాయమైందట. హెడ్డాఫీసులో సంతకం ఆలస్యమైందట. ఒకటో తారీఖున చేరాలి. చేరే ముందు డాక్టరు రెండు చేతుల పట్టు చూస్తాడు.

షహనాజ్ రాసిన ఆ నాలుగు మాటలే చాలు. అసలు ఏమీ రాయకపోయినా ఉద్యోగం వచ్చేది. ఇది తెలిసిన క్షణంలో నాకు కొడవలి తీసుకుని పులివెందుల బస్సెక్కాలనిపించింది. ఓబులేసు మెడ నరకాలనిపించింది. దానికంటే ముందు నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపించింది.

మావాడు పట్టీ కట్టిన చేతిని చూసుకున్నాడు. "షహనాజ్, మేడమ్‌కు ఒక మెయిలు పెట్టు. చెయ్యి బాగయ్యేదాకా పని ఆపి పెడతారేమో అడుగు. నాలుగు మాటలే." తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "నువ్వు రాయాకు నాయనా."

షహనాజ్ నాలుగు మాటలు రాసి పంపింది. నేను వార్డు బయటికి పిలిచి, ఇంకోటి టైపు చెయ్యమన్నాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"అన్న రాయొద్దన్యాడు గదా తాతా!"

"వాని పేరు మీద రాయొద్దన్యాడు. ఇది నా పేరు మీద."

నేను చెప్పాను, ఆమె ఫోనులో కొట్టింది.

'ఓబులేసు గారికి. నా అర్జీ మీకు ముట్టినట్టు మీ మనుషులు ఇచ్చిన రసీదు అందింది. అయితే పొరపాటు జరిగింది. ఆ మెయిలు రాసింది నా కొడుకు కాదు, నేను. వాళ్లు విరిచింది రాసిన చెయ్యి కాదు. మావాడు పడింది బండి మీద నుంచీ కాదు. రాసిన చెయ్యి జమ్మలమడుగు తహసీల్దారు ఆఫీసు ఎదురుగా, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా బల్ల మీదే ఉంటుంది. నకలు: ఎస్పీ గారికి. దస్తూరి: దాసయ్య.'

"దస్తూరి మెయిలుకు ఉండదు..." అనబోయి షహనాజ్ ఆగిపోయింది. పంపేసింది.

మర్నాడు పదింటికి కొట్టు షట్టర్ పూర్తిగా ఎత్తాను. నెత్తురు పడ్డ కాగితాలను తీయలేదు. వంకరపోయిన మిషన్‌ను నేల మీద నుంచి ఎత్తి బల్ల మీద పెట్టాను. దాని పక్కన కుడిచెయ్యి చాపుకుని, వీధి వైపు తిరిగి కూర్చున్నాను.