ఆగితే ఒక గింజ

రామికి చదువు రాదని తండాలో అందరికీ తెలుసు. తెలిసినా ఆమె ముఖం మీద ఆ మాట అనే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఇరవై ఏళ్లు పత్తి ఏరే కూలీల గుంపుకు పెద్దగా తిరిగిన మనిషి మరి. నర్మెట్ట చుట్టుపక్కల ఏ చేనికి పోయినా సరే, గట్టు మీద నిలబడి నలభై మంది ఆడవాళ్లలో ఎవరి చేయి ఆగుతోందో, ఎవరిది ఆగట్లేదో ఇట్టే చెప్పేసేది. ఎవరి చేయి ఆగదో వాళ్లే మంచి కూలీలు. ఆ ఒక్క లెక్కతోనే ఇన్నేళ్లూ నెగ్గుకొచ్చింది.

అలాంటి రామికి ఆ సోమవారం కొత్త పని వచ్చి నెత్తిన పడింది. తండా బడికి ఉన్నదే ఒక్క సారు, ఐలేశ్ సారు. ఆయన్ను సర్వే డ్యూటీకి వేశారు. వారం రోజులు బడి లేదు. కొడుకు సోమ్లా, కోడలు జమున హైదరాబాదులో బిల్డింగు పనిలో ఉన్నారు. ఇంట్లో నలుగురు పిల్లలు. పెద్దవాడు హరిలాల్ ఐదో తరగతి, గీత మూడు, నరేందర్ రెండు, చిన్నది గోరీ ఒకటి. వేరే రోజులైతే నలుగురినీ మేకల వెంట తోలేసేదే. కానీ శనివారం జనగామలో పరీక్ష ఉంది.

ఎవరో ట్రస్టువాళ్లు నడిపే హాస్టలు బడి అది. తిండి, బట్ట, పుస్తకం అన్నీ వాళ్లవే. కాకపోతే ఇంటికి ఒక్కరినే తీసుకుంటారు. అదీ రెండో తరగతి, మూడో తరగతి చదివేవాళ్లనే. అంటే గీతో, నరేందరో. శుక్రవారం లోపల పేరు ఫోన్‌లో చెప్పాలి.

"ఎవల్ని పంపాల్నో నాకేం తెలుస్తది యాడీ?" అన్నాడు సోమ్లా తల్లితో ఫోన్‌లో. "నువ్వే సూడు. ఎవలు మంచిగ సదివితే వాళ్లను పంపుదాం."

"నేను సదివిస్త. వారంల తేలుస్త," అంది రామి. ఫోన్ పెట్టేశాక గానీ తను ఏమన్నదో ఆమెకు అర్థం కాలేదు.

గుమ్మం ముందు చాప పరిచి నలుగురినీ కూర్చోబెట్టింది. తను పక్కనే చింతపండు కొట్టి గింజలు తీస్తూ కూర్చుంది. గోరీకి పలక నిండాలి, అంతే. నిండిన పలక చూపిస్తే తుడిచి మళ్లీ నింపమనేది. హరిలాల్ లెక్కలైతే ఆమెకు నోటిలోనే ఉన్నాయి. "ఇరవై ఏడు మంది, మనిషికి పద్దెనిమిది కిలోలు. ఎంతరా?" అని అడిగి, వాడు పెన్సిలు కొరుకుతుండగానే "నాలుగు వందల ఎనభై ఆరు" అని తనే చెప్పేసింది. వాడు కాగితం మీద చేసి చూసుకుని నోరెళ్లబెట్టాడు. దాంతో రామికి తన మీద తనకు నమ్మకం పెరిగింది. పెరగకూడనంత పెరిగింది.

మరి గీత, నరేందర్‌ల చదువు? పుస్తకంలో ఏముందో ఆమెకేం తెలుసు! బొమ్మ తలకిందులుగా లేకపోతే పుస్తకం సరిగ్గా పట్టుకున్నట్టు, అంతవరకే. కాసేపు ఆలోచించి, పక్కనున్న కుప్పలోంచి గుప్పెడు గింజలు తీసింది.

"సదువుతుంటె నడుమ ఆగిన్రనుకో, ఆగినకాడికి ఒక గింజ మీ ముంగట పెడ్త. ఎవలకు తక్కువ పడితే వాళ్లు గెలిచినట్టు."

చేను దగ్గర చేయి, చాప మీద నోరు. ఆగకుండా ఉంటే చాలు, ఇంకేం కావాలి?

నరేందర్ పుస్తకం తెరిచి, బొమ్మ చూసి అందుకున్నాడంటే మోటరు వేసినట్టే. కుందేలు పాఠం, రైతు పాఠం, సంత పాఠం, అన్నీ గడగడా. వాడి ముందు ఒక్క గింజా పడలేదు. గీత మాత్రం అక్షరం కింద వేలు పెడుతుంది, పెదాలు కదుపుతుంది, వెనక్కి పోయి మళ్లీ మొదలుపెడుతుంది. పైగా సారు ఇంకా చెప్పని పాఠాలు తీస్తుంది, అదేం పంతమో. మంగళవారం పొద్దుగూకేసరికి ఆ పిల్ల ముందు చిన్న కుప్ప పోగైంది.

"ఏందే, గంటకో మాటనా? నీకంటె చిన్నోడు, వాన్ని సూసి నేర్సుకో," అని కసిరింది రామి.

బుధవారం గీత ఉండబట్టలేకపోయింది. "వాడు సదువుతలేడవ్వా. పోయినేడు నాకున్న పాఠాలే గవి. నేను రోజు సదువుతుంటె ఇని బట్టీ కొట్టిండు. బొమ్మ సూసి ఒప్పజెప్తున్నడు, అంతే."

నరేందర్ మొహం ఎర్రబడింది. రామి వాడి వంక చూసింది. నిజానికి అంతకుముందే ఆమె ఒకటి గమనించింది. వాడి నోరు పాఠం మీద ఉంది, కళ్లేమో మేకపిల్ల మీద ఉన్నాయి. ఏరడానికి పత్తి లేని చెట్టు దగ్గర కూడా చేయి ఆడిస్తూ పోయే కూలీలుంటారని ఆమెకు తెలియక కాదు. ఎంతమందిని పట్టుకుందో! ఆ బొమ్మ మీద అరచెయ్యి పెట్టి "ఇప్పుడు సదువు" అంటే తేలిపోయేది.

అనలేదు. అంటే, మూడు రోజులుగా తను ఏమీ తెలియకుండానే తలూపుతోందని పిల్లల ముందు ఒప్పుకున్నట్టే. ఇంకో మాట కూడా మనసులో మెదిలింది. నీళ్లు పట్టేది గీత, గోరీని చూసుకునేది గీత, మేకలకు ఆకు తెచ్చేది గీత. నరేందర్ పోతే ఇంటికి ఏ లోటూ లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ కోపం కాస్తా పిల్ల మీదికి మళ్లింది.

"తమ్మునికి సదువస్తే కండ్లల్ల నిప్పులు పోసుకుంటవా? సిగ్గు లేదే నీకు!"

గీత మళ్లీ ఆ ఊసెత్తలేదు. వేలు పెట్టి చదువుకుంటూ, ఆగినప్పుడల్లా అవ్వ పెట్టే గింజను చూసేది.

శుక్రవారం సోమ్లా ఫోన్ చేశాడు. "గీత మంచిగ సదువుతదని సారు అంటుండె గద యాడీ?"

"సారేడున్నడు? వారం సంది కూసొని ఇన్నది నేను. నరేందర్ పేరు చెప్పు," అంది రామి.

శనివారం పొద్దున్నే మనవడికి తలదువ్వి, ఉతికిన చొక్కా వేసి జనగామ బస్సెక్కించింది. బడిలో ప్రియదర్శిని మేడం వాడిని దగ్గరికి పిలిచి ఒక తెల్ల కాగితం చేతిలో పెట్టింది. నాలుగే వరుసలు. నరేందర్ ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. ఎక్కడా బొమ్మ లేదు. అవ్వ వైపు చూశాడు. తరవాత గట్టిగా గాలి పీల్చుకుని అందుకున్నాడు.

"అనగనగా ఒక అడవిలో ఒక కుందేలు ఉండేది..."

ఎక్కడా ఆగలేదు. రామి గర్వంతో పొంగిపోయింది. బయట నిలబడ్డ మిగతా తల్లులవైపు ఒకసారి చూసి, "సూసినవా మేడం, ఒక్కకాడ తట్టుకున్నడా?" అంది.

మేడం చివరిదాకా విన్నది. ఆ తరవాత మెల్లగా, "ఈ కాగితంల కుందేలు లేదవ్వా," అంది.

బుధవారం ఆ బొమ్మ మీద పెట్టి చూడని తన అరచెయ్యి వంక రామి ఒకసారి చూసుకుంది.

"ఇంట్ల ఇంకో బిడ్డ ఉన్నది మేడం, మూడో తరగతి. అది నిజంగ సదువుతది. రేపే తోలుకొస్త."

"పేర్లు నిన్నటితోని అయిపోయినయి. ఈ బాబును మళ్లేడు తీసుకురా, చూద్దాం."

"మరి బిడ్డ?"

"మళ్లేడు నాలుగుల ఉంటది గదా. మూడు దాటితే మేం తీసుకోమవ్వా."

తిరుగు బస్సులో నరేందర్ కిటికీ పక్కన కూర్చుని అడిగాడు. "నేను ఒక్కకాడ గూడ ఆగలే గదవ్వా?"

"ఆగలే బిడ్డా," అంది రామి. వాడి తప్పేముంది, ఆగొద్దని నేర్పింది తనే కదా.

ఇల్లు చేరేసరికి గీత గోరీకి పలక పట్టి అక్షరాలు దిద్దిస్తోంది. అడుగుదామని తలెత్తింది గానీ, అవ్వ మొహం చూసి మళ్లీ పలక వైపు తిరిగింది. రామి మేడం దగ్గర అడిగి తెచ్చుకుని నడుము దగ్గర దోపుకున్న ఆ నాలుగు వరుసల కాగితం తీసి, మడత విప్పి, పిల్ల ముందు పెట్టింది.

"గిది సదువు."

గీత కాగితం మీద వేలు పెట్టింది. "ఎం... ఎండలు..." ఆగింది. ఆగగానే పక్కనున్న కుప్పలోంచి ఒక గింజ తీసి తన ముందు తనే పెట్టుకుంది. "ఎండలు ము...దిరాయి. పక్షు...లకు..." ఇంకో గింజ. "నీళ్లు దొర...కడం లేదు."

వద్దని ఆ చేయి పట్టుకుందామనుకుంది రామి. పట్టుకోలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఒక్కో మాటా తడుముకుంటూ, ఒక్కో గింజా పెట్టుకుంటూ, గిన్నెలో నీళ్లు పోసి గుమ్మం ముందు పెట్టమని చెప్పే ఆఖరి వరుసదాకా పిల్ల మొత్తం చదివేసింది. అప్పుడు గింజలు లెక్కపెట్టుకుంది.

"తొమ్మిదయినయవ్వా," అంది బెరుగ్గా. "నరేందర్‌కెన్ని పడ్డయి?"