ముందు మనవాళ్ళు

ఆ రోజు తెల్లవారుతూనే తూర్పున ఆకాశం తోమిన రాగి బిందెలా మెరిసి, చూస్తుండగానే మసి పట్టింది. గాలి లేదు. కొబ్బరాకు కదలడం లేదు. సముద్రం మీద తిరగాల్సిన పక్షులు గుంపులుగా వచ్చి నాగాయలంక పొలాల్లో వాలి, మెడలు ముడుచుకుని కూర్చున్నాయి. పైన మబ్బులు మాత్రం ఎవరో వెంటపడి తరుముతున్నట్టు కోడూరు మీదుగా పడమరకు పరుగెత్తుతున్నాయి. కింద అంత నిశ్శబ్దం, పైన అంత తొందర చూస్తే దివిసీమలో పుట్టినవాళ్ళకి వెనకటి ఉప్పెన గుర్తొస్తుంది.

వినీల తుఫాను షెల్టరు మెట్ల మీద నిలబడి ఆ మబ్బుల్నే చూస్తోంది. వెనక హాల్లో చాపలు పరిచి ఉన్నాయి. నీళ్ళ డ్రమ్ములు నిండి ఉన్నాయి. బియ్యం బస్తాలు గోడకి చేరేసి ఉన్నాయి. మనుషులే లేరు. నిన్న మధ్యాహ్నం నుంచి మైకులో చెప్పించింది. ఫోన్లకి మెసేజ్‌లు పంపించింది. ఏటికి అవతలున్న ఊటలంక నుంచి ఒక్క మనిషి రాలేదు. చీకటి పడ్డాక తుఫాను తీరం దాటుతుందంటున్నారు. ఈలోగా గాలి లేస్తే ఏరు దాటించే పంటు ఆపేస్తారు. పంటు ఆగితే ఆ లంకలో ఉన్నవాళ్ళు లంకలోనే ఉండిపోవాలి.

ఎందుకు రాలేదో వినీలకి తెలుసు. తెలిసే చేసింది, అదే ఆమెని కాలుస్తున్న సంగతి.

వినీల పనిచేసే తీరసేవా సమితిని గుడివాడలో పాఠాలు చెప్పుకునే శివరామకృష్ణగారు మొదలుపెట్టారు. తుఫాను వస్తుందంటే ఆయన మైకు పట్టుకునేవారు కాదు. సమితిలో పనిచేసే ప్రతివాళ్ళూ ముందు తమ ఇంట్లో ముసలివాళ్ళని, పిల్లల్ని తెచ్చి షెల్టరులో కూర్చోబెట్టాలి. ఆ తర్వాతే ఊరివాళ్ళని రమ్మనాలి. ముందు మనవాళ్ళు అనేవారు. ఊటలంకలో ఎవరూ రేడియో మాట నమ్మరు. అక్కడి సమితి మనిషి వీరాంజనేయులు అరుగు మీద అతని తండ్రి మంచం ఉందా లేదా అని చూస్తారు. మంచం ఖాళీ అయితే మూటలు కట్టుకుంటారు.

శివరామకృష్ణగారు మంచం పట్టారు. దివిసీమ పని వినీల చేతికొచ్చింది. ఈ వేసవిలో సమితిని బందరులోని ఒక పెద్ద సంస్థలో కలిపేశారు. పైన సుధన్వ అనే ఆయన వచ్చాడు. చెడ్డవాడేం కాదు. గట్టిగా మాట్లాడడు, అందర్నీ గారూ అనే పిలుస్తాడు. సిబ్బంది కుటుంబాలు సంస్థ బండి ఎక్కకూడదని మాత్రం రూలు పెట్టాడు. జరగరానిది జరిగితే ఎవరు జవాబు చెప్పాలని ఆయన భయం. నిన్న వినీల ఆ రూలే పాటించింది. వీరాంజనేయులు తండ్రి పేరు తాతయ్య. ఆయన మంచం అరుగు మీదే ఉంది. ఊటలంక చూసింది, ఊరుకుంది.

అదొక్కటే అయితే వీరాంజనేయులు నిన్ననే పోట్లాడేవాడు. పోట్లాడలేదు. అసలు రాలేదు.

ఆమె మెట్లు దిగి వ్యాను దగ్గరికి నడిచింది. డ్రైవరు గోపి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎటో చూస్తున్నాడు. నర్సు మాధవి మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లంకకి వెళ్దాం రమ్మంటే ఇద్దరూ కదల్లేదు. మాధవే అడిగింది, పెట్టె మూత వైపు చూస్తూ.

"సంక్రాంతి దాటితే మన ఆఫీసు ఎత్తేస్తారంట కదా అక్కా?"

"ఎవరు చెప్పారు?"

"గోపి బండి కాయితాలకి బందరు వెళ్ళాడుగా, అక్కడి డ్రైవర్లు చెప్పారు. నాకైతే ముందే అనుమానం వచ్చింది. ఎన్నడూ లేనిది నువ్వు మాకు హల్వా పట్టుకొచ్చినప్పుడు."

నిజమే. సుధన్వ గదిలో ఆ మాట విన్న రోజే ఆమె బందరులో హల్వా కొనుక్కొచ్చింది. ఇంకా ఏదీ తేలలేదు, తేలేదాకా ఎవరికీ చెప్పొద్దని ఆయన అన్నాడు. బరువు తనొక్కతే మోస్తే వీళ్ళు నిశ్చింతగా పనిచేసుకుంటారని ఆమె అనుకుంది. అప్పట్నుంచీ అవసరానికి మించి నవ్వింది. ఆ నవ్వు చూసే వీళ్ళకి నిద్రలు పోయాయి. గోపి కోనసీమలో ఇంకో పని చూసుకుంటున్నాడట. వీరాంజనేయులు ఇంట్లో మాటలే మానేశాడట. మాధవి ఇవన్నీ మెల్లగా చెప్పింది.

వినీల ఏమీ కప్పిపుచ్చలేదు. విన్నది నిజమేననీ, ఉంచుతారో ఎత్తేస్తారో తనకీ తెలియదనీ చెప్పింది. గోపి బండి స్టార్టు చేయలేదు. కానీ ఆమె పంటు రేవు వైపు నడిచి వెళ్తుంటే తలతిప్పి చూశాడు.

పంటు దిగేసరికి మొదటి గాలి తగిలింది. చల్లగా, ఉప్పగా. ఊటలంక వీధిలో ఆడవాళ్ళు వాకిళ్ళలో గిన్నెలు తోముకుంటున్నారు. ఆమెని చూసి పలకరించారు, మళ్ళీ పనిలో పడ్డారు. వీరాంజనేయులు అరుగు మీద తాతయ్య మంచంలో కూర్చుని చుట్ట పీకుతున్నాడు. దారినపోయే ప్రతివాళ్ళూ ఆ మంచం వైపు ఒక చూపు వేసి మరీ పోతున్నారు. వీరాంజనేయులు వల ముందేసుకుని చిరుగులు కుడుతున్నాడు.

"కూర్చోండి మేడంగారూ," అన్నాడు తలెత్తకుండా.

ఎప్పుడూ అమ్మాయ్ అని పిలిచేవాడు. వినీల నేలమీదే కూర్చుంది.

"తప్పు నాదే బాబాయ్. ఆఫీసు ఉంటుందో పోతుందో నాకు తెలవదు. తెలవని మాట ఎలా చెప్పాలో తోచక చెప్పడం మానేశాను."

"తెలవదనే చెప్పాల్సింది. మేమూ తెలవకుండా ఉండేవాళ్ళం, అందరం కలిసి." దారం కొరికి తెంపాడు. "మేమేం పసిపిల్లలమా, హల్వా పెట్టి ఊరుకోబెట్టడానికి?"

తండ్రిని తీసుకుని బయలుదేరమంది వినీల. ఊరు కదలాలంటే మంచం కదలాలంది. రూలు ఉందిగా అన్నాడతను. రూలు సంగతి తను చూసుకుంటానంది. అతను అప్పుడు తలెత్తి సూటిగా చూశాడు.

"మీవాళ్ళని తెచ్చారా?"

వినీల వాళ్ళంటే తల్లి వెంకాయమ్మ ఒక్కతే. అవనిగడ్డలో చర్చి పక్కన గట్టి డాబా ఇంట్లో ఉంటుంది. ఏ తుఫానుకీ ఆమె ఇల్లు కదలాల్సిన పనిలేదు. పైగా వెంకాయమ్మ పుట్టిల్లు ఈ ఊటలంకే. ఉప్పెనలో పుట్టింటివాళ్ళందరూ పోయాక ఆమె ఏరు దాటి ఇటు కాలు పెట్టలేదు. వీరాంజనేయులుకి ఆ సంగతి తెలుసు. తెలిసే అడిగాడు.

గాలి ఇంకోసారి విసిరింది. వాకిట్లో ఆరేసిన చీర ఎగిరి కంచె మీద పడింది. వినీల లేచి కంచె దాకా వెళ్ళి గోపికి ఫోన్ చేసింది. అమ్మని తీసుకొస్తావా అని మాత్రం అడిగింది. అవతల బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. అప్పుడు తల్లికి చేసింది.

"అమ్మా, గోపి వస్తాడు. చెప్పులేసుకుని బయలుదేరు. ఊటలంక రావాలి."

"మతి ఉండే మాట్లాడుతున్నావా? ఈ గాలిలోనా?"

"రావాలమ్మా."

"ఎవరు మునిగారు?"

"ఇంకా ఎవరూ మునగలేదు. అందుకే."

వెంకాయమ్మ ఫోను పెట్టేసింది. వస్తుందో రాదో చెప్పలేదు.

ఎదురుచూపు మొదలైంది. చినుకులు పడ్డాయి, ఆగాయి, ఈసారి పక్కనుంచి కొట్టాయి. పంటు నడిపే సరంగు రేవులోంచి కేకేసి చెప్పాడు, ఇంకో రెండు మూడు సార్లకంటే తిప్పలేనని. సుధన్వ ఫోన్ చేశాడు. వ్యాను అవనిగడ్డ వెళ్ళి రేవుకి తిరిగొచ్చినట్టు తన దగ్గర మ్యాపులో కనిపిస్తోందన్నాడు. అమ్మని తీసుకురావడానికని ఆమె చెప్పింది.

"రూలు మీకు తెలుసు కదా వినీలగారూ."

"తెలుసండీ."

"నేను దీని మీద పైకి రాయాల్సి ఉంటుంది. మీ ఆఫీసు విషయం అసలే తేలని సమయంలో."

"రాయండి," అంది. ఈ మాటతో ముగ్గురి కూడూ తన చేత్తోనే తీసేస్తున్నానేమో అనిపించింది. సరిగ్గా అప్పుడే పంటు ఏటి మధ్యలో ఒక పక్కకి ఒరిగింది. అందులో గోపి భుజం పట్టుకుని తల మీద కొంగు కప్పుకున్న మనిషి నిలబడి ఉంది. తల్లిని అంత క్షేమమైన ఇంట్లోంచి లాగి తుఫాను నోట్లోకి తెచ్చింది తనే. పంటు గట్టుకి తగిలేదాకా ఆమె రెప్ప వేయలేదు.

వెంకాయమ్మ దిగింది. ఒక్క క్షణం నిలబడి, ఒకప్పుడు తమ ఇల్లుండిన చోటు వైపు చూసింది. అక్కడిప్పుడు తుమ్మచెట్లున్నాయి. వీధి మధ్యనుంచి నడుచుకుంటూ పోయి తాతయ్య మంచం ముందు ఆగింది. వాకిళ్ళలో ఆడవాళ్ళు చేతిలో పనులు ఆపారు.

"ఏం తాతయ్యన్నా, మంచానికి వేళ్ళు మొలిచినయ్యా?"

ముసలాయన చుట్ట నోట్లోంచి తీశాడు. "నువ్వెందుకొచ్చావే వెంకాయీ? ఏరు దాటనని ఒట్టు పెట్టుకున్నావుగా?"

"నా కూతురు లాక్కొచ్చింది. నీ కొడుకు నిన్ను లెగనియ్యట్లేదంటగా, ఆ సంబడం చూసి పోదామని వచ్చా. లెగు. షెల్టరుకి పోతన్నా. తోడు లేకుండా పంటెక్కాలంటే నాకు కాళ్ళు ఆడవు."

తాతయ్య ఆమె మొహం కేసి చూశాడు. ఉప్పెన వచ్చిన మర్నాడు ఆ మొహాన్ని బురదలోంచి పైకి లాగినవాళ్ళలో ఆయనొకడు. చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు. కర్ర కోసం చెయ్యి చాపాడు. వీరాంజనేయులు వల పక్కన పడేసి లేచి కర్ర అందించాడు.

ముసలివాళ్ళిద్దరూ వీధిలో నడిచారు. ఒకర్నొకరు తిట్టుకుంటూ, ఆసరా ఇచ్చుకుంటూ. వెనక వీరాంజనేయులు మంచం ఎత్తి నిలువుగా గోడకి ఆనించాడు. ఆ చప్పుడుకి ఎదురింటి ఆమె లేచి లోపలికి పోయింది. మూట కట్టుకుని బయటికి వచ్చింది. తర్వాత వీధంతా తలుపుల చప్పుడే.

మొదటి విడతలో ముసలివాళ్ళు, పిల్లలతో ఉన్న తల్లులు ఎక్కారు. వీరాంజనేయులు ఎక్కలేదు. చివరి ఇల్లు ఖాళీ అయ్యాక వస్తానన్నాడు. వినీల తనూ ఉంటానంది.

"నువ్వు అటు ఉండాలమ్మాయ్. ఇటు నేనున్నా," అని ఆమెని పంటులోకి తోశాడు.

అవతల రేవులో గోపి వ్యాను ఆపకుండా తిప్పాడు. మాధవి తడిసిన పిల్లలకి ఒళ్ళు తుడిచింది. మూడోసారి వెళ్ళిన పంటు ఇంకా తిరిగి రాలేదు. ఏరు బూడిదరంగు గోడలా లేచి, అవతలి గట్టు కనపడకుండా పోయింది. వినీల రేవులో స్తంభం పట్టుకుని నిలబడింది. ఫోన్లు పలకడం లేదు. గోపి పక్కకొచ్చాడు. తన రెయిన్‌కోటు తీసి ఆమె తల మీద కప్పాడు. అతను తడుస్తూ నిలబడ్డాడు.

ఎంతసేపటికో ఇంజను మోత గాలిలో తెగుతూ, అతుకుతూ వినిపించింది. మసకలోంచి పంటు ముక్కు కనిపించింది. దాని అంచున వీరాంజనేయులు, భుజం మీద ఎవరి మేకనో మోస్తూ. రెండిళ్ళవాళ్ళు ఎంత చెప్పినా రాలేదని, బడి మేడ మీదికి ఎక్కించి వచ్చాననీ చెప్పాడు. సరంగు పంటుని తాళ్ళతో కట్టేశాడు.

చీకటి పడుతుండగా ఒక కారు షెల్టరు ముందు ఆగింది. సుధన్వ దిగాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. దారిలో చెట్టు పడితే కారు అక్కడ ఆపి, తనూ దిగి కొమ్మలు లాగి వచ్చాడట. గుమ్మంలో నిలబడి నిండిన హాలు చూశాడు. ముందు వరసలో తాతయ్య పక్కన కూర్చున్న వెంకాయమ్మని చూశాడు. ఆమె ఎవరో ఆయనకి అర్థమైంది. వినీల వైపు తిరిగి ఏదో అనబోయాడు. అప్పుడే కరెంటు పోయింది. కిటికీ రెక్కలు ఒక్కసారిగా కొట్టుకున్నాయి. ఆయన అన్నా వినపడేది కాదు.

మాధవి లాంతర్లు వెలిగించింది. అన్నం, మాధవి వండిన టమాటా పప్పు తెచ్చారు. వరసలుగా కూర్చున్నారు. సుధన్వ ఒక్క క్షణం ఆగి, చెప్పులు విడిచి, గోపికీ వీరాంజనేయులుకీ మధ్య ఉన్న ఖాళీలో కూర్చున్నాడు. వీరాంజనేయులు కొంచెం జరిగి చోటిచ్చాడు. మొహం చూడలేదు. వెంకాయమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థనగా పెదాలు కదిపింది. ఆమె కళ్ళు తెరిచేదాకా పక్కనున్న తాతయ్య ముద్ద ఎత్తకుండా ఆగాడు.

గాలి పైకప్పు మీద పడి అరుస్తోంది. వినీల గోపికి ఎదురుగా కూర్చుని అన్నం కలిపింది. పప్పులో మాధవి ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. ఎవరూ ఆ మాట అనలేదు. తలలు వంచుకుని తిన్నారు.