తరవాణితో పెరిగిన జుట్టు

వంటింటి గట్టు కింద ఏదో చచ్చిందనుకుంది జీవరత్నం. ఎలుకో, బల్లో. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, నడుం పట్టుకుని వంగి చూస్తే చచ్చినదేమీ లేదు. మూతులకు గుడ్డలు కట్టిన ప్లాస్టిక్ డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒకదాని గుడ్డ విప్పింది. పైన తెల్లటి తెట్టు, తెట్టు మీద బుడగలు, వాటి చుట్టూ ముసిరిన చిన్న చిన్న ఈగలు. పులిసిన కంపు గుప్పున కొట్టేసరికి గుడ్డ మళ్ళీ కప్పేసింది.

ఆ కంపు ఆమెకు కొత్తదైతే ఏ గొడవా లేదు. బాగా తెలిసినది కావడమే వచ్చిన చిక్కు.

"ముట్టుకోకు అమ్మమ్మా, ఇంకా పులవాలి!" అంటూ మనవరాలు క్రిస్టినా పరిగెత్తుకొచ్చింది.

"ఏందే ఈ దరిద్రం?"

"తరవాణి! బియ్యం కడిగిన నీళ్ళు, గంజి కలిపి పులియబెట్టా. జుట్టుకి. నువ్వు చెప్పిందేగా!"

జీవరత్నం డబ్బాల వంక చూసింది. తను చెప్పిందా?

చెప్పింది, ఒక రకంగా. చర్చిలో స్త్రీల సమాజం కూడినప్పుడల్లా ఎవరో ఒకరు ఆమె జడ పట్టుకుని చూసేవారు. కూతురు రాహేలు ఆసుపత్రిలో నర్సు, దానికి తల సగం నెరిసింది. మనవరాలికి పెళ్ళీడులోనే పాపిట పక్కన తెల్లవెంట్రుకలు. డెబ్బై దాటిన ఈ ముసలమ్మకి మాత్రం జుట్టు నల్లగా నిగనిగలాడుతుంటే ఎవరికైనా కుళ్ళు పుట్టదూ? "ఏం రాస్తారండీ తలకి?" అని పాస్టరమ్మగారు అడిగితే, "ఏం రాస్తామండీ, తరవాణితో పెరిగిన జుట్టండీ ఇది!" అంది జీవరత్నం. దివిసీమ నుంచి వచ్చిన ఆడవాళ్ళు నలుగురూ గొల్లున నవ్వారు. తిండి లేక పెరిగిన ఒళ్ళు అని దానర్థమని వాళ్ళకి తెలుసు. బందరులో పుట్టి ఇంగ్లీషు మీడియంలో చదివిన క్రిస్టినా మాత్రం నవ్వలేదు. ఆ మాట జాగ్రత్తగా ఇంటికి మోసుకొచ్చింది.

పైగా మాట తెగ నచ్చిందట. తార, వాణి అని అక్కచెల్లెళ్ళిద్దరి పేర్లు కలిపి పెట్టినట్టుందట. ఆ పిల్ల ఒంటికి జుట్టు రంగు పడదు. ఒకసారి వేసుకుంటే కళ్ళు మూసుకుపోయి మొహం బూరెలా పొంగింది. ఫార్మసీ చదివి, చేస్తున్న ఉద్యోగం పోయి, ఇంట్లో కూర్చుని ఫోన్లో వీడియోలు చూస్తున్న పిల్లకి ఇంట్లోనే నల్లజుట్టు అమ్మమ్మ కనిపిస్తే ఊరుకుంటుందా? సీసాలు తెప్పించింది. లేబుళ్ళు కొట్టించింది. లేబులు మీద జీవరత్నం ఫొటో, జడ ముందుకేసుకుని. కింద 'అమ్మమ్మగారి తరవాణి. నెరిసిన జుట్టుకు తరతరాల రహస్యం' అని అక్షరాలు.

తరతరాల రహస్యమట! జీవరత్నానికి ఒళ్ళు మండిపోయింది. అవనిగడ్డ దగ్గర పల్లెలో కామందుగారి దొడ్లో, గేదెల పాక పక్కన ఉండేది తరవాణి కుండ. ఇంట్లో వార్చిన గంజీ, బియ్యం కడిగిన నీళ్ళూ అందులోకే పోయేవి. కూలికెళ్ళిన వాళ్ళకి మధ్యాహ్నం అదే. పైన తేలిన పురుగును వేలితో పక్కకి తోసి తాగేవాళ్ళు. అది ఒంట్లోకి దిగి చెమటలోంచి వచ్చేదో, బట్టల్లో ఇంకిపోయేదో తెలియదు గానీ, బళ్ళో పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకుని జరిగి కూర్చునేది. పెళ్ళయి, పిల్ల పుట్టి, ఆ పిల్లకి నర్సు ఉద్యోగం వచ్చి, బందరు చేరాక జీవరత్నం ఇంట్లో పులుపు వాసనే రానిచ్చేది కాదు. పెరుగు పులిస్తే మొక్కల్లో పోసేది. దోసెల పిండి పొంగీ పొంగకముందే పోయించేది. అట్లు రబ్బరులా సాగుతున్నాయని అల్లుడు గొణిగినా వినేది కాదు. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే భాగ్యమా అది?

ఇప్పుడు ఆ కంపు దిండ్ల మీదకొచ్చింది. క్రిస్టినా రోజూ తల తడుపుకుని, టోపీ పెట్టుకుని కూర్చునేది. ఎంత కడిగినా వాసన పోయేది కాదు. డ్యూటీ నుంచి వచ్చిన రాహేలు ఒకనాడు దిండు గలీబు రెండు వేళ్ళతో పట్టుకుని వీధి గుమ్మం బయట పారేసింది.

"తెల్లవి తెల్లగానే ఉన్నాయి గదే," అంది జీవరత్నం మనవరాలి పాపిట విడదీసి చూసి.

"టైం పడుతుంది అమ్మమ్మా. నేచురల్ గదా." పిల్ల గొంతు దిగిపోయింది. "గుడివాడలో శ్రీదుర్గగారని, పెద్ద పార్లరు. ఆవిడ తీసుకుంటానన్నారు. కానీ నువ్వొచ్చి లైవ్‌లో ఒక్క మాట చెప్పాలట. చిన్నప్పట్నుంచీ తలకి ఇదే పోసుకున్నానని. ఒక్క మాటే. ఇది కూడా పోతే నేనింక ఏం చెయ్యను, చెప్పు?"

అబద్ధం చెప్పాలంటే ఒక రోత. నిజం చెప్పాలంటే అంతకన్నా రోత. అయినా ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి సరేనంది.

పామర్రు మీదుగా గుడివాడ వెళ్ళే బస్సెక్కారు. సీసాలు సంచిలో, పార్లరులో పొయ్యడానికి మరో డబ్బా నిండా తరవాణి కాళ్ళ దగ్గర. అది ఎండకి పొంగిందో ఏమో, పామర్రు దాటుతుండగా మూత ఫట్‌మని ఎగిరింది. పైపైనున్న తెల్లటి నీళ్ళు పొర్లి సీట్ల కింద నుంచి డ్రైవరు దాకా పారాయి.

"ఎవరో కక్కుకున్నారు, చూడండయ్యా!" అని వెనక నుంచి ఒకాయన అరిచాడు.

"కక్కు కాదండీ, హెయిర్ ప్రొడక్ట్," అంది క్రిస్టినా నవ్వుతూ.

"ఏ ప్రొడక్టయితే ఏంటమ్మా, చెప్పులకంటుకుంది! డోరు దగ్గర పెట్టుకోండి," అని కండక్టరు ముక్కు మూసుకునే కసిరాడు.

జీవరత్నం పక్క సీటావిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఒక్కసారి ఈమె వంక చూసి, అవతలికి జరిగింది. జీవరత్నం కిటికీకి అతుక్కుపోయింది. ఇంటి దగ్గర పౌడరు రాసుకుని వచ్చింది, ఇస్త్రీ చీర కట్టుకుంది. అవన్నీ ఎందుకూ కొరగాకుండా పోయాయి. క్రిస్టినా మాత్రం సిగ్గుపడకుండా చేతిగుడ్డతో నేల తుడుస్తోంది. దానికి సిగ్గెందుకు? దానికది వాసనే, జీవరత్నానికి అది తన ఒళ్ళు.

పార్లరులో ఏసీ వేసి తలుపులు బిగించారు. ఇంక చెప్పేదేముంది. తలలు తడిపించుకున్న ఆడవాళ్ళు ప్లాస్టిక్ టోపీలు పెట్టుకుని కుర్చీల్లో కూర్చున్నారు. టోపీల కింద నుంచి తెల్లటి చుక్కలు మెడల మీదకి జారుతున్నాయి. ఒకావిడ అత్తరు గుడ్డ ముక్కుకి నొక్కుకుంది. పులుపూ అత్తరూ కలిసిన కంపు ఉత్త పులుపు కన్నా హీనంగా ఉంది.

"వాసన ఎంత వస్తే అంత పవరండీ!" అంటోంది శ్రీదుర్గ. ఆవిడ జుట్టు మాత్రం శుభ్రంగా షాంపూ వాసన వేస్తోంది. జీవరత్నాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, జడ విప్పి, మగ్గుతో తరవాణి తల మీద కుమ్మరించింది. చల్లటి జిగట నీళ్ళు చెవుల వెనక నుంచి, నుదుటి మీద నుంచి పెదాల మీదకి వచ్చాయి. జీవరత్నం నోరు బిగబట్టింది. అయినా రుచి తెలిసింది.

శ్రీదుర్గ ఫోను పైకెత్తింది. "నమస్తే అండీ అందరికీ! మామ్మగారూ, చిన్నప్పట్నుంచీ మీరు తలకి ఇదే వాడేవాళ్ళు కదా?"

క్రిస్టినా పక్కనే నిలబడి కళ్ళతో బతిమాలుతోంది. జీవరత్నం ఔనందామనే నోరు తెరిచింది. నాలుక మీద ఆ పులుపు ఉండగా అబద్ధం రాలేదు.

"తలకి పోసుకునేంత ఎవరు పోశారమ్మా మాకు? ఇది మేం తాగేవాళ్ళం."

"ఛీ!" అంది అత్తరు గుడ్డావిడ, ఆపుకోలేక.

శ్రీదుర్గ మొహం ఒక్క క్షణం వాడింది, అంతలోనే మళ్ళీ వికసించింది. "చూశారా! లోపలికి కూడా తీసుకునేవాళ్ళట! అందుకే ఆ నలుపు! ఎలా తాగేవాళ్ళు మామ్మగారూ, ఒక్కసారి చూపించండి. క్రిస్టినా, నువ్వు పొయ్యి."

సరే, చూపిస్తే తప్ప ఈ పిల్లకి తెలిసేలా లేదు, నోటితో చెప్పే బాధైనా తప్పుతుంది, అనుకుంది జీవరత్నం. కుర్చీ దిగింది. మెరిసే గచ్చు మీద గొంతుక్కూర్చుని, రెండు చేతులూ దోసిలి పట్టి నోటికి ఆనించుకుంది.

"పొయ్యవే," అంది.

క్రిస్టినా డబ్బాలోంచి మగ్గు ముంచి వంగింది. మగ్గు అంచు ముసలమ్మ వేళ్ళ దాకా వచ్చింది. చటుక్కున పైకి లాక్కుంది.

"చెయ్యి తగలనీకు అమ్మమ్మా, ఎంగిలవుద్ది," అంది ముద్దుగా, గొంతు తగ్గించి. "ఇదింకా వాళ్ళ తలలకి పొయ్యాలిగా." అని నిలబడి, పై నుంచి సన్నటి ధార పోసింది.

జీవరత్నం తలెత్తి చూసింది. కింద నుంచి చూస్తే గడ్డం, మణికట్టు, వంచిన మగ్గు, ధార. ఇలా తాగేవాళ్ళమని ఆమె ఇంకా చెప్పనే లేదు. ఎత్తు నుంచి పొయ్యమని అడగనే లేదు. పిల్లకి ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

అసహ్యం వేసింది. పులిసిన నీళ్ళ మీద కాదు, ఈగల మీదా కాదు. గోరుముద్దలు తినిపించి, తను కొరికిన జామకాయ పెట్టి పెంచిన పిల్ల నోట ఆ మాట విని అసహ్యం వేసింది. దోసిలి నిండింది. జీవరత్నం తాగలేదు. చేతులు విడదీసింది. నీళ్ళు గచ్చు మీద పడి క్రిస్టినా పాదాల మీదకి చిందాయి.

"అదేంటి మామ్మగారూ, తాగండి! లైవ్ నడుస్తోంది!" అంది శ్రీదుర్గ.

"అప్పుడు ఆకలేసి తాగానమ్మా. ఇప్పుడు నాకు ఆకల్లేదు."

క్రిస్టినా మొహం ఎర్రబడింది. "కోపమొచ్చిందా అమ్మమ్మా? నేను శుభ్రం కోసం అన్నా, అంతే."

"కామందుగారి కోడలు కూడా శుభ్రం కోసమే అనేదే," అంది జీవరత్నం, గచ్చు మీద చెయ్యి ఆనించి లేస్తూ. "ఆవిడా చెంబు తగలనిచ్చేది కాదు. ఆవిడా ఇట్టాగే నవ్వుతా పోసేది."

శ్రీదుర్గ ఫోను దించింది. క్రిస్టినా చేతిలో మగ్గు మాత్రం ఇంకా అంత ఎత్తులోనే ఉంది.