అందాకా బండి కదలదు

భార్గవి ఇంట్లోని ప్రింటర్‌కు అన్ని రంగులూ వచ్చు, ఒక్క తెలుపు తప్ప. ఇన్నాళ్ళూ పాత స్కూటర్లకూ బొమ్మ లారీలకూ నల్లటి, నీలి అక్షరాలతో పేర్లు వేసిచ్చింది గానీ తెలుపుతో పని పడలేదు. పడ్డాక తెలిసింది, నీళ్ళలో నానబెట్టి అక్షరాలను జార్చి అతికించే గాజులాంటి ఆ డీకాల్ కాగితం మీద తెల్ల అక్షరం అంటే ఏమీ లేనట్టేనని. ఖాళీ కాగితం చేత్తో పట్టుకుని, కుప్పంలోని తన ఇంటి వసారాలో బిక్కమొహం వేసుకుని కూర్చుంది.

వేయాల్సింది బొమ్మ బస్సు మీద. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా తిరిగిన రంగప్ప మోటార్ సర్వీసు వాళ్ళ ఎర్ర బస్సు అది. కంపెనీ యాభై ఏళ్ళ పండుగకని రంగప్ప కొడుకు మల్లికార్జున భార్గవి చేత చేయించుకుంటున్నాడు. మూరెడు పొడవున, కిటికీ ఊచలతో సహా సిద్ధమైంది. నడుము చుట్టూ పసుపు పట్టీ, దాని మీద నల్లటి అక్షరాలతో కంపెనీ పేరు, అన్నీ అతను అడిగినట్టే. తెల్ల అక్షరాలు మాత్రం అతను అడగలేదు.

ఒకప్పుడు ఆ బస్సుకు కండక్టరు భార్గవి తల్లి కెంపమ్మ. ఆడమనిషి సంచీ తగిలించుకుని టికెట్లు కొట్టడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళే, ఆమె ఈల వేస్తే నోరు మూసుకుని లోపలికి జరిగేవాళ్ళు. ఒక పొద్దున రంగప్ప తన తోటలోని టమోటా పెట్టెలను ఆడవాళ్ళ సీట్లలో పేర్పించి మదనపల్లె మార్కెట్టుకు పంపబోయాడు. కెంపమ్మ వాటన్నిటినీ పుంగనూరు బస్టాండులో దింపించి, చంకబిడ్డల తల్లులను కూర్చోబెట్టి రైట్ చెప్పింది. సాయంత్రానికి ఉద్యోగం ఊడింది.

డ్రైవర్లు ఊరుకోలేదు. బండ్లన్నీ పుంగనూరులోనే ఆపేసి, ఎర్ర బస్సు పక్క రేకు మీద సున్నంతో రాశారు: ‘కెంపమ్మను పనిలోకి తీసుకో. అందాకా బండి కదలదు.’ కొన్నాళ్ళకు బండి కదిలింది, కెంపమ్మ లేకుండానే. ఇంట్లో పొయ్యి వెలగకపోతే డ్రైవర్లు మాత్రం ఏం చేస్తారు, వాళ్ళనేమీ అనలేం. అనాల్సినవాడి ఫొటోకే ఇప్పుడు దండ వేసి పండుగ చేస్తున్నారు.

"యాల పాపా ఇదంతా, ఎందుకని? వాళ్ళ పండగలో మన గోలేంది? బస్సు చేసిచ్చి వచ్చేయ్," అంది కెంపమ్మ.

"బస్సు ఆ పొద్దు ఎట్లుండిందో అట్లే చేస్తాండా మా. పండగ వాళ్ళదే. బస్సు నీది గూడా."

దారి లేకపోలేదు. తెల్లటి పొర ఉన్న డీకాల్ కాగితం తెప్పించి, అక్షరాలను వదిలేసి వాటి చుట్టూ బస్సు ఎరుపునే ప్రింటు తీయాలి. తీసింది. తొందరలో, రంగు కరగకుండా మీద కొట్టాల్సిన స్ప్రే కొట్టకుండానే నీళ్ళలో వేసింది. ఎరుపంతా గిన్నెలోకి దిగిపోయి కుంకుమ నీళ్ళయ్యాయి. తన తలమీద తానే ఒకటి మొట్టుకుని మళ్ళీ ప్రింటు తీసి, స్ప్రే కొట్టి, ఆరబెట్టింది.

అది నానిన కాగితం మీద నుంచి జారి బస్సు ఒంటిమీదికి వస్తున్న సమయానికే మల్లికార్జున గుమ్మంలో దిగాడు. సున్నం కారిన చారలతో సహా చదివాడు. మొహం మాడింది.

"ఇదెవరు రాయమన్నారమ్మా?"

"ఎవరూ అన్లేదన్నా. ఉండింది, రాసినా."

"నీళ్ళతో అతికించిందేగా, తీసేయ్."

"తీస్తే బస్సు ఈడే ఉంటాది. ఇంకెవరితోనన్నా చేయించుకోండి."

పండుగ దగ్గరపడింది. ఆహ్వానపత్రం మీద బస్సు బొమ్మ కూడా అచ్చయిపోయింది. అతను కాసేపు గడ్డం గోక్కుని, "సరేలే, ఆ పక్కను గోడవైపుకు తిప్పి పెడతాం," అని నవ్వాడు. అతను వెళ్ళాక భార్గవి బస్సు మొత్తానికీ గట్టి వార్నిష్ పట్టించింది, ఆరాక మళ్ళీ పట్టించింది.

మదనపల్లె కల్యాణమండపంలో బస్సు నిజంగానే గోడవైపు తిరిగి ఉంది. దానికీ చుట్టూ పసుపు కుంకుమ పెట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. భార్గవి తిన్నగా వెళ్ళి, ఆ నిమ్మకాయలు పక్కకు జరిపి, బస్సును జనం వైపు తిప్పింది.

మల్లికార్జున చూశాడు. అతిథులకు నవ్వు మొహం చూపిస్తూనే జేబురుమాలు మంచినీళ్ళ గ్లాసులో ముంచి అక్షరాల మీద రుద్దాడు. నీళ్ళతో వచ్చింది నీళ్ళతోనే పోతుందనుకున్నాడు పాపం. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాడు. మీదున్న కుంకుమ పోయి అక్షరాలు తెల్లగా మెరిశాయి. అయ్యగారు చెమటలు కక్కుతూ అంతగా ఏం తుడుస్తున్నాడా అని వెనక వరుసలవాళ్ళు కూడా లేచి వచ్చారు. చూడకుండా పోయేవాళ్ళను కూడా అతనే పిలిచినట్టయింది. ఒకరు పైకి చదివారు, ఇంకొకరు మళ్ళీ చదివారు.

కంపెనీలో కొత్తగా చేరిన డ్రైవరు మునిచంద్ర ముందుకు వంగి అడిగాడు. "ఎవరు సార్ ఈ కెంపమ్మ?"

"ఎవరో పాతకాలం మనిషిలే," అన్నాడు మల్లికార్జున, తడిరుమాలు పిడికిట్లో దాచుకుంటూ.

రానంటే రానని మొండికేసి, చివరికి కూతురి వెనకాలే వచ్చి తలుపు పక్కన కూర్చున్న కెంపమ్మ అప్పుడు లేచి నిలబడింది. ఆమె గొంతు మండపం చివరిదాకా వినిపించింది.

"పాతకాలమేందప్పా, ఈడే ఉండాను. నన్ను పనిలోంచి యాల తీసేసినారో అడుగు, చెప్తాను."