నాలుగో పాట

రేడియో స్టేషన్‌లో ఆదివారం పాటల వరస కట్టే పని ఆమెది. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా, మధ్యలో మాటలు తక్కువగా, మనసును తేలిక చేసే పాటలు. దేని వెనక ఏది రావాలో శుక్రవారం సాయంత్రానికల్లా తేల్చి, కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇంటికి వెళ్లిపోయేది. పదకొండేళ్లుగా అదే పని. ఆఫీసులో అందరూ ఆమెను జోలక్క అనేవారు. ఆ పేరుకు ఆమె నొచ్చుకోలేదు, మురిసిపోనూ లేదు. తన కార్యక్రమాన్ని మాత్రం ఇంట్లో ఎన్నడూ వినలేదు. ఆదివారం రేడియో మీద చెయ్యి వేస్తే చాలు, అత్తగారు కళ్లెర్రజేసేది.

ఒక సోమవారం ఆమె బల్ల మీద ఫోను మోగింది.

"ఆదివారం పాటలు వేసేది మీరేనా అండీ?" మగగొంతు, బొంగురుగా ఉంది.

"వేసేది మెషీన్. ఏరేది నేను. చెప్పండి."

"ఆ నాలుగో పాట ఇంకెప్పుడూ వెయ్యకండి."

ఇలాంటి ఫోన్లు ఆమెకు కొత్త కాదు. ఫలానా పాట వింటే పాత సంగతులు గుర్తొచ్చి అన్నం సయించలేదని చెప్పినవాళ్లూ ఉన్నారు.

"ఏం, బాగాలేదా?"

"బాగుండబట్టే చెప్తున్నాను. నేను పాల ట్యాంకర్ నడుపుతాను. ఆదివారం కూడా డ్యూటీయే. మొదటి పాటకి భుజాలు వదులయ్యాయి. రెండోదానికి ఒళ్లు తేలిపోయింది. మూడోదానికి ఆవులింతలు. నాలుగోది మొదలైందని తెలుసు, ఎప్పుడయిపోయిందో తెలీదు. కళ్లు తెరిచేసరికి బండి రోడ్డు దిగి ముళ్లకంపలో ఉంది."

"దెబ్బలు తగిలాయా?"

"నాకేం కాలేదు, పాలకీ ఏం కాలేదు. ఎదురుగా స్కూటర్ మీద వస్తున్న పెద్దాయన మాత్రం భయపడి కాలవలోకి దిగిపోయాడు. మోకాలు చెక్కుకుపోయింది పాపం. లేచొచ్చి తిట్టిన తిట్లు అన్నీ ఇన్నీ కావు."

"రేడియో కట్టేసుకోవచ్చుగా?"

"కట్టేస్తే ఇంకా నిద్రొస్తుందండీ," అన్నాడతను, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు.

ఫోను పెట్టేసి ఆమె నిన్నటి జాబితా తెరిచింది. మొదటి నాలుగు పాటలూ ఒకదాన్ని మించి ఒకటి నెమ్మది. దుప్పటి కప్పుకుని మంచం దిగని మనిషిని మనసులో పెట్టుకుని కట్టిన వరస అది. స్టీరింగ్ పట్టుకున్న మనిషి ఆ ఊహలోకి ఎన్నడూ రాలేదు. తప్పు తనదని ఆమె అనుకోలేదు, తనది కాదని సరిపెట్టుకోనూ లేకపోయింది.

ఆ వారం నాలుగో పాటగా డప్పులూ చప్పట్లూ ఉన్న హుషారైనదాన్ని పెట్టింది. మరుసటి వారం కూడా అంతే. మూడో వారం మేనేజరు పిలిచాడు.

"ఏంటి జోలక్కా ఇది? హాయిగా నడుం వాల్చిన జనం మీద బిందెడు నీళ్లు కుమ్మరించినట్టుందట. ఒకటే ఫిర్యాదులు."

ఆమె ట్యాంకరు సంగతి చెప్పింది.

"ఒక్క డ్రైవర్ కోసం ఊరందరి నిద్రా పాడు చేస్తామా?"

"ఒక్కడేనో కాదో అడుగుదాం సార్."

అడగడానికి ఖర్చేమీ లేదు కాబట్టి మేనేజరు ఒప్పుకున్నాడు. ఆ ఆదివారం అనౌన్సర్ రెండు మాటలే చెప్పింది: ఈ పాటలు పని చేస్తూ వింటున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఫోన్ చేయండి. ఆ ఫోన్లు అందుకోవడానికి ఆమె స్వయంగా వచ్చి కూర్చుంది.

ముందు ఒక నర్సు. తర్వాత బేకరీలో పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి. ఆపైన లిఫ్టుల మెకానిక్, తాళం వేసిన ఆఫీసుకి కాపలా కాస్తున్న వాచ్‌మన్. కవల పిల్లల తల్లి ఒకామె, "నాకు సెలవేంటండీ!" అని నవ్వి, పిల్లల ఏడుపు వినిపించి పెట్టేసింది. ఒక్క ఫోను చాలక, ఏం జరుగుతుందో చూద్దామని వచ్చిన మేనేజరు పక్క బల్ల మీది ఫోను ఎత్తాల్సి వచ్చింది.

పదిన్నరకు మరో గొంతు. "ఇంటిపని చేసుకునేవాళ్లు కూడా చెప్పొచ్చా?"

ఆమె ఉలిక్కిపడింది. "అత్తయ్యా! మీరు రేడియో వింటున్నారా?"

"నువ్వు లేవుగా, పెట్టాను."

"నేనుంటే పెట్టనివ్వరే?"

"వారమంతా చెవులు నొప్పెట్టేలా ఆ పాటలతోనే ఉంటావు. సెలవు రోజున కూడా అవేనా, కాస్త తెరిపి ఉండద్దూ అని. సరేగానీ, ఆ డప్పుల పాట తియ్యకు. గచ్చు కడగడానికి బాగుంది."

ఆమె "అలాగే" అంది. పేర్లు రాసుకునే కాగితంలో ఆవిడ పేరు కూడా రాసింది.

పదకొండు గంటలకు మేనేజరు బుర్ర గోక్కుంటూ ఆ కాగితాలు తిరగేశాడు. "సెలవు రోజున ఇంతమంది మేలుకుని ఉంటారా?"

"మనిద్దరం కూడా సార్."

నాలుగో పాట నిలబడింది. కొన్ని నెలలకు ట్యాంకరు డ్రైవరు మళ్లీ ఫోన్ చేశాడు. డ్యూటీ మారిందట, ఆదివారాలు ఇప్పుడు సెలవట. "సరిగ్గా కునుకు పట్టే వేళకి ఆ గోల లేపేస్తోందండీ. తీసేద్దురూ."

"మీ బండి ఇప్పుడెవరు నడుపుతున్నారు?"

"మా తోడల్లుడు," అన్నాడతను. "ఉంచండి లెండి. వాడికి నాకంటే నిద్ర ఎక్కువ."

ఆ ఏడాది చివర్లో మేనేజరు సోమవారం ఉదయం ఆరు గంటల కార్యక్రమం కూడా ఆమెకే అప్పగించాడు. దానికి ఎలాంటి పాటలు కావాలో ఆమెకు అంతుపట్టలేదు. మరుసటి సోమవారం తెల్లవారుతూనే బస్టాపుకు వెళ్లి, పనులకు బయల్దేరిన ముఖాలను చూస్తూ మూడు బస్సులు వదిలేసింది.